ఉత్తరపు గోడ

"తిరగేశావా?" అన్నాడు ఒరేల్ పళ్ళెంలోకి చూస్తూ.

"తిరగేశాను. అయితే ఏంటి?"

"ప్లాయ్ అట్టు తిరగెయ్యకూడదు."

"ఎవరు చెప్పారు, రోములో పోప్‌గారా?"

లొరెట్ పొయ్యి వైపు నుంచి ఇటు తిరగనైనా లేదు. గరిటెతో పెనం మీద ఇంకో అట్టు పోసింది. ప్లాయ్ ఒకవైపే కాలాలి. పైన చిన్న చిన్న కళ్ళు తెరుచుకోవాలి, ఆ కళ్ళలోకి వెన్న కరిగి దిగాలి. కెనడా సరిహద్దు నది వెంట ఉన్న ఆ లోయలో పుట్టిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఒరేల్ పళ్ళెంలో ఉన్న అట్టుకి కళ్ళన్నీ మూసుకుపోయి, రెండువైపులా ఒకే రంగులో నున్నగా ఉంది.

"మీ తమ్ముడి పెళ్ళాం దగ్గర నేర్చుకున్నావా ఈ విద్య?"

"పొద్దున్నే కార్మెన్ ఊసెత్తకు. సాయంత్రం అమ్మ వాళ్ళింట్లో ఎలాగూ చూడాలి దాని మొహం. మధ్యలో పచ్చిగా ఉంటోందని తిరగేశాను. తింటే తిను, లేదా కుక్కకి వెయ్యి."

"కుక్క కూడా తినదు."

"అది నీకంటే తెలివైంది, పెట్టింది తింటుంది."

ఒరేల్ నాలుగు తిన్నాడు. మేపుల్ పాకం ఎప్పటికంటే ఎక్కువ పోసుకున్నాడు, అదే తన నిరసన అన్నట్టు. లొరెట్ కాఫీ ఫ్లాస్కు, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పంది మాంసం పచ్చడి రాసిన పొట్లం సంచీలో పెట్టి, తలుపు దగ్గర అతని చేతికిచ్చింది. "ఆరింటికల్లా అమ్మ దగ్గర ఉండాలి. ఒంటినిండా దుమ్మూ చెత్తా వేసుకుని రాకు," అంది.

ఒరేల్ తిబొదో వయసు అరవై రెండు. ముప్ఫై ఆరేళ్ళుగా పాత ఇళ్ళ బయటి గోడలకి తొడుగులు మార్చడమే పని. మొదటి పద్దెనిమిదేళ్ళు దేవదారు పలకలు కొట్టాడు, కింది పలక మీద పై పలక అంచు ఎక్కేలా, వానచుక్క లోపలికి దారి వెతుక్కోకుండా. తర్వాత బావమరిది రెజాన్ కంపెనీ పెట్టాడు. అప్పటినుంచి వినైల్, అంటే ప్లాస్టిక్ పట్టీలు. పొట్టి మనిషి. భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాయి, ఎప్పుడూ ఏదో గోడని చెవితో వింటున్నట్టు. ఎడమచేతి బొటనవేలి గోరు ఒక్క చలికాలం కూడా నల్లబడకుండా గడవలేదు. చర్చిలో వెనకనుంచి మూడో బల్ల. ఊరి పండగల ఫోటోల్లో అతను ఎక్కడున్నాడో వెతకాలి, వెతికినా సగం మొహమే ఉంటుంది. అతని గురించి చెప్పమంటే ఊళ్ళో ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించి, "మంచివాడు, పనిమంతుడు," అని ఊరుకుంటారు. అది నిజమే. ఆ ఊరుకోవడంలోనే చాలా విషయాలు కప్పబడిపోయాయి.

ఆ రోజు పని నదీన్ మిషో ఇంట్లో. ఆమె బడి బస్సు నడుపుతుంది. మొగుడు అడవిలో చెట్లు కొట్టే పని, శనాదివారాలే ఇంటికి వస్తాడు. ఇల్లు మొగుడి మేనత్తది, నూటపాతికేళ్ళ నాటిది. ఎనిమిదేళ్ళ పాటు ప్రతి వేసవీ పెచ్చులూడిన రంగు గీకి, మళ్ళీ రంగు పూసి విసిగిపోయి, ఈ ఏడు వినైల్ వేయిస్తోంది. మూడు గోడలు అయిపోయాయి. మంచులా తెల్లగా మెరుస్తున్నాయి. ఉత్తరపు గోడ ఒక్కటి మిగిలింది.

ఫెర్నాన్ అప్పటికే నిచ్చెనలు దించుతున్నాడు. పదిహేనేళ్ళుగా ఒరేల్‌కి పనిలో జోడీ. "అన్నా, చూశావా! జూన్ మూడోవారం వచ్చింది, ఈవిడ గోడకి ఇంకా చలికోటు విప్పలేదు," అన్నాడు.

గోడ అడుగున, ఈ చివరనుంచి ఆ చివరకి, ఫర్ చెట్టు కొమ్మలూ గడ్డిమోపులూ మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. శరత్కాలంలో ప్రతి ఇంటికీ అలా కట్టు కడతారు, నేల కింద నుంచి చలిగాలి దూరకుండా. మంచు కరగ్గానే తీసెయ్యాలి. కానీ ఆ ఊళ్ళో మే నెలలో కూడా ఒక్కోసారి మంచు పడుతుంది. లిలాక్ పొదలు పూసేదాకా తియ్యొద్దని ముసలివాళ్ళు చెబుతారు. లిలాక్ పూసేసరికి బంగాళాదుంప నాట్లు వస్తాయి, నాట్లయ్యేసరికి నల్లదోమ వస్తుంది. దక్షిణం వైపు గోడని ఎండ కాపాడుతుంది. ఉత్తరపు గోడ తడి కొమ్మలు కౌగిలించుకుని వేసవంతా నిలబడి ఉంటుంది.

ఇద్దరూ గడ్డి ఎత్తే ముళ్ళపారలతో కొమ్మలు లాగేశారు. కింద నేల నల్లగా, మెత్తగా ఉంది. చేప కడిగిన నీళ్ళ వాసన వేసింది. ఒరేల్ మోకాళ్ళ మీద కూచుని కింది పలకని తట్టాడు. మంచి చెక్క టక్కుమంటుంది. ఇది ఏమీ అనలేదు.

నాలుగు పలకలు ఊడదీశాడు. వాటి వెనక బిర్చి బెరడు పొరలు, వాటి వెనక గొడ్డలితో చెక్కిన దేవదారు దుంగలు. ఆ కాలంలో ఇళ్ళు అలాగే కట్టారు. పై దుంగలు ఇంకా తేనెరంగులో ఉన్నాయి, గొడ్డలి పడిన గుర్తులు నిన్నటివిలా కనబడుతున్నాయి. అన్నిటికంటే అడుగున, ఇల్లంతా మోసే దూలం మాత్రం వాడేసిన కాఫీపొడిలా ఉంది. వేలితో తీస్తే చేతిలోకి వచ్చింది. నల్లచీమలు గుడ్లు మోసుకుని పరిగెత్తాయి.

ఫెర్నాన్ వంగి చూసి ఈల వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మామూలేగా," అన్నాడు.

ఆ మాట ఒరేల్‌కి ఎక్కడో తగిలింది. నిజమే, మామూలే.

మధ్యాహ్నం రెజాన్ వచ్చాడు. యాభై రెండేళ్ళ వాడు, నవ్వు మొహం, పిల్లలకి హాకీ నేర్పిస్తాడు. వాళ్ళమ్మకి చలికాలానికి కట్టెలన్నీ తనే కొట్టి పేర్చిపెడతాడు. చెడ్డవాడు కాడు. అదే ఒరేల్‌కి ఎప్పుడూ అడ్డం వచ్చేది. చెడ్డవాడైతే ఎప్పుడో తేలిపోయేది.

"ఏంటి బావా, మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నావా?"

"రా, చూడు."

రెజాన్ చూశాడు. వేలు పెట్టలేదు. "మొదటి పట్టీ ఒక దుంగ పైకి కొట్టండి. అడుగున అల్యూమినియం రేకు దించండి. థర్మోకోల్ అట్ట వేసి మూసేస్తే సరిపోతుంది."

"అడుగు దూలం లేదు రెజాన్. ఇల్లు గాలిలో ఉంది."

"నూటపాతికేళ్ళ నించీ ఉందిగా గాలిలో!"

"వినైల్ వేస్తే ఆ తడి బయటికి కూడా పోదు. ఇప్పుడు పదేళ్ళు పట్టేది నాలుగేళ్ళలో దిగుతుంది. ఆ గోడ వెనకే చంటిబిడ్డ ఉయ్యాల ఉంది, కిటికీలోంచి కనబడుతోంది."

రెజాన్ అతని పక్కన గొంతుక్కూచున్నాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు, చాలా ఓర్పుగా చెప్పాడు. "చూడు బావా. నిజం చెబితే ఆవిడ ఏడుస్తుంది. దూలం మార్పించే తాహతు లేదు, ఏడ్చి ఊరుకుంటుంది. వినైల్ కూడా వద్దంటుంది. అదే కప్పేశామనుకో, నవ్వుతుంది. మనం కప్పేవాళ్ళం. వైద్యులం కాదు."

అప్పుడే నదీన్ బిడ్డని చంకనేసుకుని, రెండో చేత్తో కాఫీ కూజా పట్టుకుని వచ్చింది. రెజాన్ చటుక్కున లేచి, ఊడదీసిన చోటికి అడ్డంగా నిలబడ్డాడు. ఎంత అలవాటైన అడుగు అది!

"అంతా బాగుందా?" అంది నదీన్.

"బాగుండటమేంటమ్మా! నలభై ఏళ్ళ గ్యారంటీ. ఈ బుడ్డిది అమ్మమ్మ అయ్యేదాకా ఎవరూ బ్రష్షు పట్టక్కర్లేదు," అన్నాడు రెజాన్, బిడ్డ బుగ్గ మీద చిటికె వేస్తూ.

నదీన్ నవ్వింది. ఒరేల్ కాఫీ తీసుకుని తల దించుకున్నాడు.

నలభై ఏళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. ప్లాస్టిక్ నలభై ఏళ్ళూ ఉంటుంది. ఎండకి చెక్కు చెదరదు, వానకి నానదు. దాని వెనక ఏముందో దానికి గ్యారంటీ ఎవరిస్తారు? ఆ మాట అడగాలని కొనేవాళ్ళకి తట్టదు. చెప్పాలని అమ్మేవాళ్ళకి తట్టదు. మధ్యలో సుత్తి పట్టుకున్నవాడు ఒకడుంటాడు, వాడికి రెండూ తెలుసు. వాడు జీతం తీసుకుని ఇంటికి పోయి అట్టు తిరగేశారని పెళ్ళాంతో పోట్లాడతాడు.

రెజాన్ వెళ్ళిపోయాడు. ఫెర్నాన్ అల్యూమినియం రేకు వంచుతున్నాడు. ఒరేల్ మొదటి పట్టీ ఎత్తి పెట్టుకున్నాడు. ఒక దుంగ పైన చెక్క గట్టిదే. కానీ ఈ చివర మూల దగ్గర ఆ దుంగ కూడా నల్లబడింది. మేకు పెట్టి సుత్తి ఎత్తాడు. వినైల్‌కి మేకు బిగించి కొట్టకూడదు. ఎండకి సాగి, చలికి ముడుచుకునే వస్తువు. తల కింద కాస్త సందు వదలాలి. పద్దెనిమిదేళ్ళుగా చేతికి తెలిసిన లెక్క. సుత్తి దించబోతూ, ఎందుకో ఆపి, బొటనవేలితో మేకుని నొక్కాడు.

మేకు మొత్తం దిగిపోయింది. తలతో సహా.

ఇంకోటి పెట్టి నొక్కాడు. అదీ దిగింది. మూడోదీ అంతే. వెన్నలో దిగినట్టు. ఒరేల్ కాసేపు తన బొటనవేలినే చూస్తూ కూచున్నాడు. అప్పుడొచ్చింది కోపం. రెజాన్ మీద అనుకున్నాడు. కాసేపటికి, ఒక్క రెజాన్ మీదే కాదని తెలిసింది.

లేచి వెళ్ళి తలుపు తట్టాడు. "నదీనమ్మా, ఒక్కసారి ఇటు రా."

"అన్నా," అన్నాడు ఫెర్నాన్ వెనకనుంచి. "అన్నా, ఆలోచించుకో."

ఒరేల్ ఆమె చేతిలో ఒక మేకు పెట్టాడు. "ఇదిగో ఇక్కడ. బొటనవేలితో నొక్కు."

"సుత్తి లేకుండానా?" అని నవ్వుతూనే నొక్కింది. మేకు దిగిపోయింది. నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో తెలియనట్టు. వంగి చూసింది. చేత్తో ఆ కాఫీపొడిలాంటి చెక్కపొట్టుని తీసింది. చీమలు ఆమె మణికట్టు మీదికి ఎక్కాయి.

"కొమ్మల వల్లేనా?" అంది చివరికి. "లిలాక్ పూసేదాకా తియ్యొద్దంది మా అత్త. అందుకే తియ్యలేదు. నా వల్లేనా?"

"నీకు ముందు నలభై ఏళ్ళనుంచి తియ్యలేదమ్మా ఎవరూ. నీ ఒక్కదాని వల్ల కాదు. దీనికి మందుంది. జాకీ పెట్టి గోడ ఎత్తి, రెండు దేవదారు దుంగలు మార్చాలి. మీ ఆయన అడవిలోనే ఉన్నాడుగా, దుంగలు తేగలడు. ఇద్దరం పదిరోజులు కష్టపడితే చాలు. తర్వాత పలకలు కొట్టుకో, వినైల్ కొట్టుకో, నీ ఇష్టం. ఇప్పుడు మాత్రం కప్పొద్దు."

"మరి ఇందాక ఆయన అంతా బాగుందన్నాడు!" నదీన్ గొంతు లేచింది. "ఇక్కడే నిలబడి, నా బిడ్డ బుగ్గ గిల్లి మరీ! నా ఎదురుగా! ఆయనకి తెలుసా ఇది?"

"తెలుసు."

"మీకు?"

"తెలుసు."

ఆమె అతని మొహంలోకి చూసింది. బడి పిల్లలు బస్సులో అబద్ధమాడితే అద్దంలో చూసే చూపు అయ్యుండాలి అది. "ఒరేల్ గారూ, ఇలాంటివి ఇదివరకు ఎన్ని కప్పారు?"

ఫెర్నాన్ రేకు వంచడం ఆపాడు. ఒరేల్ పనిముట్లు సర్దుకుని, ఊడదీసిన చోట టార్పాలిన్ కట్టి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, లారీ ఎక్కాడు. జవాబు మాత్రం దారంతా అతనితోనే వచ్చింది. పదకొండు. అతనికి ఒక్కో ఇంటి గడప తెలుసు. ఒక్కో ఇంటి వాళ్ళు ఇచ్చిన కాఫీ కూడా గుర్తుంది.

అత్తగారి ఇల్లు నదికి దగ్గర్లో ఉంది, అవతల ఒడ్డున కెనడా. ఒరేల్ స్నానం చేసి, చొక్కా మార్చుకుని వచ్చేసరికి అందరూ వంటింట్లో బల్ల చుట్టూ చేరారు. అత్తగారు ఎవెలీన్‌కి ఎనభై రెండు. పాతకాలపు క్యాథలిక్, శుక్రవారం మాంసం ముట్టదు. సాల్మన్ చేపా బంగాళాదుంపా కూరి కాల్చిన పెద్ద రొట్టె బల్ల మధ్యలో పొగలు కక్కుతోంది. లొరెట్, కార్మెన్ పక్కపక్కన కూచుని ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. రెజాన్ ఉత్తరపు గోడకి వీపు ఆనించి కూచున్నాడు. అతని మొహం ఉబ్బి ఉంది. నదీన్ ఫోన్ చేసినట్టుంది.

ఎవెలీన్ పొయ్యి దగ్గరనుంచి బల్ల దాకా ఒక చేత్తో గోడ పట్టుకుంటూ వచ్చింది. నాలుగడుగులకి మూడుసార్లు ఆగింది. కూచుని, మందు సీసా మూత తీసి, గుండ్రటి మాత్రని ఆ మూతలోనే పెట్టుకుంది, దొర్లిపోకుండా.

"డాక్టరు మోతాదు మళ్ళీ పెంచాడు," అంది. "తల తిరుగుడు తగ్గలేదంటే. మూడేళ్ళయింది. అటు నడుస్తే తోసేసినట్టు, ఇటు నడుస్తే కొండెక్కినట్టు. ఈ తలకాయ ఇక నా మాట వినదు. కర్ర కొనుక్కోమన్నాడు."

"కొనేద్దాం అమ్మా," అన్నాడు రెజాన్.

"లేదంటే ముసలివాళ్ళ హోమ్‌లో మంచం ఖాళీగా ఉందట," అంది కార్మెన్. "పడి తుంటి విరిగితే అప్పుడు బాధపడి లాభం లేదు కదత్తయ్యా."

ఒరేల్ ఆ మాటలు మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం వింటూనే ఉన్నాడు. వింటూనే తిన్నాడు, ఇంకో ముక్క వడ్డించుకున్నాడు. ఆ రోజు ఫోర్కు పక్కన పెట్టాడు.

"సోమవారం నుంచి నేను రెజాన్ దగ్గర పనికి రాను," అన్నాడు.

లొరెట్ చెయ్యి గిన్నె మీదే ఆగింది. "ఏంటి? పింఛనుకి ఇంకా మూడేళ్ళుంది! నీకేమైనా మతి పోయిందా?"

"పదకొండు ఇళ్ళున్నాయి. పుచ్చిన దూలాల మీద వినైల్ కొట్టినవి. నేనే కొట్టాను. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెబుతాను. విప్పమంటే విప్పి, చేతనైనంత బాగుచేస్తాను. మొదటిది ఇదే. ఆ గోడ."

"బావా, నోరు ముయ్యి," అన్నాడు రెజాన్.

"ఏ గోడ?" అంది ఎవెలీన్.

"వాడి వీపు వెనక గోడ అత్తయ్యా. తొమ్మిదేళ్ళ కిందట వినైల్ వేసినప్పుడే అడుగు దూలం పోయింది. నేను చూశాను. వాడూ చూశాడు. మీరు కంగారుపడతారు, వచ్చే వేసవిలో మారుద్దాం అన్నాడు. కప్పేశాం. ఇప్పుడు ఇల్లు అటు దిగుతోంది. ఈ నేల వాలుగా ఉంది. మీ తల తిరగడం కాదు."

కార్మెన్ మెల్లగా కిందికి, తన కుర్చీ కాళ్ళ వైపు చూసింది.

ముందు లేచింది లొరెట్ గొంతే. "తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళు నా పక్కన పడుకుని, మా అమ్మని నేను డాక్టర్ల చుట్టూ తిప్పుతుంటే, కారు నడిపింది నువ్వు కాదూ? బయట కూచుని పేపరు చదువుకున్నది నువ్వు కాదూ?"

"నేనే."

"సిగ్గుండాలి ఇద్దరికీ!"

"అక్కా, చేద్దామనే అనుకున్నాను, ఏ వేసవికావేసవి పని మీదపడి..." రెజాన్ గొంతు సన్నబడింది.

"ఎన్ని వేసవులురా?" అంది ఎవెలీన్. అరవలేదు. లెక్క తెలియక అడిగినట్టే అడిగింది.

రెజాన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. తలుపు నెమ్మదిగానే వేశాడు. లారీ స్టార్టయిన చప్పుడు, రోడ్డెక్కిన చప్పుడు వినబడ్డాయి. కార్మెన్‌ని తీసుకెళ్ళడం మర్చిపోయాడు.

"సోమవారం ఎన్నింటికి వస్తావు?" అంది ఎవెలీన్ ఒరేల్‌తో.

"ఆరింటికి."

"ఏడింటికి రా. ఆరింటికి నేను లేవను." ఆమె రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, నిటారుగా కూచుని, వంటిల్లంతా ఒకసారి కలియజూసింది, ఎన్నాళ్ళకో సొంత ఇంటికి వచ్చినదానిలా. "అయితే నా తలకాయ బాగానే ఉందన్నమాట," అంది. "మూడేళ్ళు వెర్రిదాన్ని చేశారు కదరా నన్ను."

లొరెట్ ఏడుస్తూనే తల్లి పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. ఎవెలీన్ తినేసి, గోడ పట్టుకోకుండా లేచి, వాలుకి తగ్గట్టు ఒళ్ళు కాస్త వంచి, కొండ ఊళ్ళ మనిషిలా తన గదిలోకి నడిచి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మూతలో ఉన్న మాత్రని బల్ల మీద బోర్లించింది. అది ఒక్క క్షణం ఆగి, తనంతట తనే కదిలి, అంచు దాటి నేల మీద పడి, ఎవరూ తొయ్యకుండానే దొర్లుకుంటూ పోయి, ఉత్తరపు గోడ మొదట్లో ఆగింది.